సింకులో డ్రెయిన్ పౌడరు వేసినా నీళ్లు దిగలేదు. ఇప్పుడు యాసిడ్ పోయవచ్చా? లేకపోతే మరిగే నీళ్లు పోయవచ్చా?

పోయవద్దు. యాసిడ్ గానీ, మీరు రెండో మార్గంగా అడిగిన మరిగే నీళ్లు గానీ ఇప్పుడు ఆ సింకులో పడకూడదు.

మన దుకాణాల్లో దొరికే డ్రెయిన్ పౌడర్లలో సాధారణంగా ఉండేది కాస్టిక్ సోడా అనే ఘాటైన క్షారం. అది నీళ్లలో కరిగేటప్పుడే చాలా వేడి పుడుతుంది; కొన్ని రకాల్లో కలిపే అల్యూమినియం రజను ఆ వేడిని మరింత పెంచడమే కాక, మండే గుణమున్న హైడ్రోజన్ వాయువును కూడా వెలువరిస్తుంది. గొట్టంలో కరగకుండా గడ్డకట్టిన పౌడరు మీద మరిగే నీళ్లు పడితే ఆ ద్రవం ఒక్కసారిగా పొంగి, వంగి చూస్తున్న మనిషి ముఖం మీదికి ఎగజిమ్మవచ్చు. యాసిడ్ పోసినా అదే ప్రమాదం ఉంది. అంతకుముందు బ్లీచింగ్ పౌడరు కూడా వేసి ఉంటే, యాసిడ్ తగలగానే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

మా ఇంట్లో అద్దెకున్నవారి సింకు ఇలాగే నిండినప్పుడు జరిగినది నేను దగ్గరుండి చూశాను. పౌడరు వేసిన సంగతి ప్లంబరుకు ఎవరూ చెప్పలేదు. అతను కింద కూర్చుని బాటిల్ ట్రాప్ (సింకు కింద నీళ్లు ఆగి ఉండే సీసాలాంటి భాగం) విప్పగానే ఆగి ఉన్న నీళ్లు మోచేతి దాకా కారాయి. నొప్పి ఏమీ లేదని, చేయి సబ్బు పట్టినట్టు జారుతోందని మాత్రమే అన్నాడు. చర్మంలోని కొవ్వును క్షారం నిజంగానే సబ్బుగా మారుస్తుంది కాబట్టి ఆ జారుడే మొదటి హెచ్చరిక. పైపైన కడుక్కుని పని కొనసాగించాడు. సాయంత్రానికి చర్మం ఎర్రబడి పొరలుగా ఊడింది. క్షారం వల్ల నాకు ఎక్కువ భయం కలిగేది ఇక్కడే: నొప్పి తెలియకముందే అది కణజాలాన్ని కరిగించుకుంటూ లోతుకు దిగుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు.

ప్యాకెట్ మీద చెప్పిన సమయం దాటినా నీళ్లు దిగలేదంటే, ఇక ఏమీ కలపకుండా, కిటికీలు తెరిచి, పిల్లలను దూరంగా ఉంచి ప్లంబరును పిలవండి. రబ్బరు పంపుతో కొడితే నీళ్లు చిమ్ముతాయి కాబట్టి అదీ వద్దు. ఏ పౌడరు, ఎంత, ఎప్పుడు వేశారో అతనికి ఫోన్‌లోనే చెప్పండి. పొడవాటి రబ్బరు గ్లౌజులు, కళ్లకు రక్షణ అద్దాలు అతని దగ్గర లేకపోతే మీరే తెప్పించి ఇవ్వండి. చాలామంది పనివాళ్లు తమంతట తాము అడగరు. నీళ్లు తోడడానికి ప్లాస్టిక్ మగ్గు, ప్లాస్టిక్ బకెట్ వాడాలి; అల్యూమినియం గిన్నెను ఈ ద్రవం తినేస్తుంది.

ఒంటి మీద పొడి పౌడరు పడితే ముందు పొడిగుడ్డతో దులిపి, తర్వాత కుళాయి ధార కింద కనీసం 20 నిమిషాలు కడగాలి. కంట్లో పడితే క్షణం ఆలస్యం చేయకుండా రెప్పలు తెరిచి పట్టుకుని అంతసేపూ కడిగి, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. క్షారానికి పులుపు విరుగుడు కదా అని నిమ్మరసమో చింతపండు రసమో రాయవద్దు. ఆ చర్యలోనూ వేడి పుడుతుంది, కడగవలసిన సమయమూ పోతుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు, ఎందుకంటే పైకి వచ్చేటప్పుడు అన్నవాహిక రెండోసారి కాలుతుంది. నోరు పుక్కిలింపజేసి, 108కి ఫోన్ చేసి, ప్యాకెట్ కూడా వెంట తీసుకెళ్లండి.

మిగిలిన పౌడరు చూడడానికి ఉప్పులాగే ఉంటుంది. దానిని వంటింటి డబ్బాలోకి మార్చకుండా, దాని ప్యాకెట్‌లోనే బిగించి, తడి తగలని చోట తాళం వేసి ఉంచండి.