కొవ్వొత్తి మంట అడుగున నీలంగా, పైన పసుపుగా ఎందుకుంటుంది? దానికేమైనా అర్థముందా?

విజయవాడ గుణదల కొండ మీద మేరీమాతకు వెలిగించేదైనా, కరెంటు పోతే ఇంట్లో వెలిగించేదైనా సంగతి ఒకటే. ప్రధానంగా మండేది వత్తి కాదు, వత్తి పీల్చుకున్న మైనం ఆవిరి. అడుగున గాలి బాగా అందుతుంది కాబట్టి అక్కడ నీలం. పైకి పోయేకొద్దీ ఆక్సిజన్ చాలక సన్నటి మసి రేణువులు పుడతాయి. వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి అవి కాలిన ఇనుములా మెరుస్తాయి. ఆ పసుపు వెలుగంతా మసిదే! నమ్మకం కుదరకపోతే స్టీలు గరిటె ఆ పసుపులో పెట్టి చూడండి, ఇట్టే నల్లబడుతుంది. కొవ్వొత్తి కొండెక్కగానే లేచే తెల్లటి పొగ కూడా మైనమే. వెంటనే దానికి అగ్గిపుల్ల చూపిస్తే మంట పొగలోంచి కిందికి దూకి వత్తికి అంటుకుంటుంది.

ఇక అర్థమంటారా, క్రైస్తవులకు అది క్రీస్తు వెలుగు. గుణదల ఫిబ్రవరి ఉత్సవాల్లో హిందువులూ మొక్కుకుని వెలిగిస్తారు. మంట నిటారుగా ఉంటే కోరిక తీరుతుందంటారు గానీ, అక్కడ గాలి వీచట్లేదని, అంతే.