ఎంపీసీ చదివి వెళ్లినవాడికి మళ్లీ ఫిజిక్స్ ఎందుకు, మధ్యలో ఈ ఫిలాసఫీ ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసై, అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీలో చేరాడు. మొదటి సెమిస్టర్‌లోనే ఇంట్రడక్షన్ టు ఫిలాసఫీ అని ఒక కోర్సు, మళ్లీ మొదటి నుంచి ఫిజిక్స్ పెట్టుకున్నాడు. లక్షలు పోసి పంపింది దీనికా అని వాళ్ల నాన్నగారు కోపంగా ఉన్నారు. ఫిలాసఫీ తీసేసి, ఫిజిక్స్‌లో తేలికగా ఉండే కోర్సుకు మారమని చెప్పమంటారా? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, రెండూ చెప్పొద్దు. అందులోనూ ఫిలాసఫీ తీసేయమని ఫోన్‌లో గట్టిగా అస్సలు అనొద్దు, ఎందుకంటే మీ మాట కాదనలేక బాబు ఆ రాత్రే ఆన్‌లైన్‌లో కోర్సు డ్రాప్ చేసేస్తే చదువు సంగతి తర్వాత, ముందు వీసాకే ఇబ్బంది రావచ్చు. ఎఫ్1, అంటే స్టూడెంట్ వీసా మీద డిగ్రీ చదివేవాళ్లు సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు (ఒక్కో కోర్సుకు ఇన్ని అని ఇచ్చే యూనిట్లు) చదువుతూ ఉండాలి. ఆన్‌లైన్ కోర్సు అయితే ఆ లెక్కలోకి ఒక్కటే వస్తుంది, అదీ 3 క్రెడిట్ల వరకే. బాబు ఇప్పుడు 13, 14 క్రెడిట్లు పెట్టుకుని ఉంటే, 3 క్రెడిట్ల ఫిలాసఫీ తీసేయగానే 12 కంటే కిందికి వెళ్లిపోతాడు. ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌వో అని ఒక అధికారి ఉంటారు, ఆయన ముందుగా అనుమతి ఇవ్వకుండా అలా తగ్గితే వీసా స్టేటస్ పోతుంది. ఈ ఒక్క విషయం నాన్నగారికి ఇవాళే చెప్పండి.

ఇక ఫీజు. మన బీటెక్‌లా అక్కడ మొదటి రోజు నుంచీ బ్రాంచి సబ్జెక్టులే ఉండవు. డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి, అందులో కొంత భాగం జనరల్ ఎడ్యుకేషన్ కింద హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ లాంటివి చదవాల్సిందే. ఫిలాసఫీ తీసేస్తే ఆ స్థానంలో సాహిత్యమో చరిత్రో పెట్టుకోవాలి తప్ప డబ్బు మిగలదు. పైగా చాలా యూనివర్సిటీల్లో ఫుల్‌టైమ్ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు ఒక్కటే, ఒక కోర్సు తగ్గినా అదే కట్టాలి.

ఫిజిక్స్‌లో 'తేలిక కోర్సు' అని మీరు విన్నది ఆల్జీబ్రా బేస్డ్ ఫిజిక్స్ అయి ఉంటుంది. అది ఎక్కువగా బయాలజీవాళ్లు, మెడిసిన్ వైపు వెళ్లేవాళ్లు చదివేది. ఇంజినీరింగ్ కాలేజీ కింద ఉన్న కంప్యూటర్ సైన్స్ డిగ్రీలు చాలావరకు కాలిక్యులస్ బేస్డ్ ఫిజిక్సే అడుగుతాయి. తేలికని అటు మారి, రేపు ఎలక్ట్రికల్‌కో కంప్యూటర్ ఇంజినీరింగ్‌కో వెళ్లాలనుకుంటే ఆ కోర్సు లెక్కలోకి రాదు, మళ్లీ ఫీజు కట్టి రెండోది చదవాలి. ఇంటర్ మార్కులకు క్రెడిట్ ఇస్తారా అంటే చాలాచోట్ల ఇవ్వరు. అయినా అడ్వైజర్‌ని ఒకసారి అడగమనండి, అడిగితే పోయేదేమీ లేదు.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీరు రాసిన 'మళ్లీ మొదటి నుంచి' అన్న మాట. బాబు కూడా అలాగే అనుకుంటూ ఉంటే మొదటి మిడ్‌టర్మ్ పరీక్షలో దెబ్బ తింటాడు. బంతిని నిట్టనిలువుగా పైకి విసిరితే అత్యంత ఎత్తులో ఉన్న క్షణంలో దాని త్వరణం (వేగం మారే రేటు) ఎంత? వేగం సున్నా కాబట్టి త్వరణమూ సున్నా అని చాలామంది రాసేస్తారు, ఇవే చాప్టర్ల లెక్కలు వందల కొద్దీ చేసినవాళ్లు కూడా. కానీ అది సున్నా కాదు, ఆ క్షణంలోనూ కిందికి 9.8 మీటర్లు పర్ సెకండ్ స్క్వేరే. మన ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) పద్ధతిలో ఆప్షన్ గుర్తుపెట్టి ముందుకు వెళ్తాం. అక్కడ ఎందుకో రాయమంటారు: త్వరణం కూడా సున్నా అయితే వేగం మారదు, వేగం మారకపోతే బంతి అక్కడే ఆగిపోవాలి, ఆగట్లేదు, కాబట్టి త్వరణం సున్నా కాదు. లెక్కలు చేయగలిగిన విద్యార్థులకు కూడా బలం, చలనం గురించి ప్రాథమిక భావనలు తప్పుగానే ఉండిపోతున్నాయని గమనించే, అమెరికా ఫిజిక్స్ టీచర్లు 1992లో ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అనే పరీక్షను తయారుచేశారు. అందులో ఫార్ములాలు ఉండవు, అన్నీ ఇలాంటి ప్రశ్నలే. ఇప్పటికీ చాలా కాలేజీల్లో ఫస్టియర్‌వాళ్లకు అది పెడుతున్నారు.

ఇప్పుడు ఆ బంతి జవాబు మళ్లీ ఒకసారి చూడండి. 'ఇది నిజమైతే అది జరగాలి, అది జరగలేదు, కాబట్టి ఇది నిజం కాదు.' ఫిలాసఫీ క్లాసులో నేర్పేది సరిగ్గా ఇదే. నాన్నగారు భయపడుతున్నారేమో, అక్కడ వైరాగ్యం బోధించరు. నేను ఇప్పుడు కల కనడం లేదని ఎలా తెలుసు అని తత్వవేత్త డెకార్ట్ అడిగిన ప్రశ్న ఇచ్చి, నీ వాదన ఏమిటి, దానికి వచ్చే బలమైన అభ్యంతరం ఏమిటి, ఆ అభ్యంతరానికి నీ సమాధానం ఏమిటి అని నాలుగైదు పేజీలు రాయమంటారు. మన పిల్లలకు నిజంగా కష్టమైంది ఇదే, ఎందుకంటే పన్నెండేళ్లు చదివినా సొంత అభిప్రాయం పెట్టి దాన్ని నిలబెట్టుకోమని వాళ్లను ఎవరూ అడగలేదు. నా దృష్టిలో ఆ సెమిస్టర్‌లో బాబుకు అన్నిటికంటే పనికొచ్చే కోర్సు ఇది. రేపు ఒక డిజైన్ ఎందుకు పనిచేయదో టీమ్‌కు వివరించాల్సి వచ్చినప్పుడు వాడాల్సింది ఈ శక్తే. న్యూటన్ కూడా 1687లో తన గ్రంథానికి సహజ తత్వశాస్త్రపు గణిత సూత్రాలనే పేరు పెట్టాడు. ఈ రెండూ వేరు వేరు డిపార్ట్‌మెంట్లు అయింది ఆ తర్వాతే.

బాబుకు మాత్రం రెండు మాటలు చెప్పండి. ఇంటర్నెట్‌లోవో చాట్‌బాట్ ఇచ్చినవో వాక్యాలు తెచ్చి పేపర్‌లో పెట్టొద్దు. ఇక్కడ రికార్డులు చూసి రాసుకున్నట్టు అక్కడ కుదరదు, పట్టుబడితే ఆ కోర్సులో ఎఫ్ (ఫెయిల్ గ్రేడు) రావచ్చు, ఒక్కోసారి సస్పెన్షన్ దాకా వెళ్తుంది. రెండోది, ప్రొఫెసర్ల ఆఫీస్ అవర్స్‌కు వెళ్లమనండి. డౌట్ అడిగితే తక్కువగా చూస్తారేమో అని మనవాళ్లు మొహమాటపడి ఆగిపోతారు, ఆ టైమ్ పెట్టిందే అడగడానికి. పేపర్ డ్రాఫ్ట్ పట్టుకెళ్లి ఇందులో నా వాదన కనిపిస్తోందా అని అడిగితే చాలు.

ఇంత చేసినా ఈ కోర్సు పడలేదనిపిస్తే, వచ్చే సెమిస్టర్‌లో సింబాలిక్ లాజిక్ ఉందేమో చూడమనండి. అది కూడా సాధారణంగా ఫిలాసఫీ డిపార్ట్‌మెంటే చెబుతుంది, కానీ అందులో ఉండేవి ట్రూత్ టేబుల్స్, క్వాంటిఫయర్లు, ప్రూఫులు. కంప్యూటర్ సైన్స్‌లో డిస్క్రీట్ మ్యాథ్స్ చదివేటప్పుడు అవే మళ్లీ ఎదురవుతాయి. అది హ్యుమానిటీస్ క్రెడిట్ కింద వస్తుందా, మ్యాథ్ కింద వస్తుందా అన్నది ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి, రిజిస్టర్ చేసే ముందు డిగ్రీ ఆడిట్‌లో (ఏ కోర్సు దేని కింద లెక్కకు వస్తుందో చూపే రిపోర్టులో) చూసుకోమనండి.