88 అని రాయనివ్వకు

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, ఇది టెక్సస్ ఫ్రిస్కోలో ఇంకో నలుగురిని పోగేసి, మనవాళ్ళ మీద ఎవరైనా దాడి చేస్తే సాయం చేసే బృందం పెడుతోందట. నీ మాటైతే వింటుంది, మాన్పించు" అంది. నేను మాన్పించను. గర్వంగా ఉంది. భయంగానూ ఉంది, అది దాచుకోను. మూడో తరగతిలోనే టీచరుతో వాదానికి దిగిన నోరు నీది. హెచ్-1బీ మీద ఉన్న పిల్లకి ఆ నోరే ఆస్తి, ఆ నోరే గండం. ఎవడో రెచ్చగొడితే తోపులాటకి దిగి అరెస్టయ్యావనుకో, కేసు కొట్టేసినా ఆ కాగితం వీసా స్టాంపింగు దగ్గర నీకు అడ్డం పడుతుంది. మొదటి సలహా అదే: నువ్వు రాసే మనిషివి, కొట్లాడే మనిషివి కాదు.

అందరికీ తెలిసినవి ముందు చెప్పేస్తాను. ప్రమాదం ఇంకా ఉంటే 911. దాటిపోతే పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబరు. దెబ్బ తగిలితే ముందు ఆస్పత్రి, తర్వాతే మాటలు. దాడి చేసినవాడి వెంట పడొద్దు. కారు నంబరు, రంగు, పోయిన దిక్కు చాలు. ఎఫ్‌బీఐకి విడిగా చెప్పాలంటే 1-800-225-5324. ఇవి తెలుగులో పెద్దక్షరాలతో రాసి గుడి నోటీసు బోర్డుకి అంటించెయ్యి.

ఇక మనవాళ్ళు ఏళ్ళ తరబడి చేస్తూ వస్తున్న తప్పు ఒకటుంది. నాకున్న బెంగంతా దాని గురించే.

ఎలా జరుగుతుందో చూడు. తెల్లారి లేచేసరికి గరాజ్ తలుపు మీద నల్ల స్ప్రే పెయింటుతో రాతలు. సాయంత్రం ఇంట్లో సత్యనారాయణ వ్రతం, ఇరవై మంది వస్తారు. ఇంటాయన థిన్నరూ గుడ్డా పట్టుకుని రుద్దడం మొదలుపెడతాడు, ఇల్లాలు నీళ్ళ పైపు తెస్తుంది. పిల్లలు చూడకూడదు, పక్కింటివాళ్ళు చూడకూడదు. పోలీసు వచ్చేసరికి అక్కడ మిగిలింది తడి మరక. "ఏం రాసి ఉంది?" అని అడుగుతాడు. ఆ బూతు నోటితో పలకడానికి మనకి సిగ్గు. "ఏదో పిచ్చి రాతలు సార్, కుర్రాళ్ళ పని అయ్యుంటుంది" అంటాం. అతని పని సులువు చేశామని మనకో తృప్తి కూడానూ! అతను రాసుకునేది రెండు ముక్కలు: క్రిమినల్ మిస్చిఫ్ (ఆస్తి పాడుచేయడం), పెయింటు ఖర్చు ఇంత.

ఇప్పుడు ఆ రిపోర్టు లోపల ఏం జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే నీ బృందం పనంతా అక్కడే ఉంది. పోలీసు శాఖలు ఎఫ్‌బీఐకి పంపే లెక్కల పద్ధతిని ఎన్‌ఐబీఆర్‌ఎస్ అంటారు. అందులో ప్రతి నేరానికీ "బయాస్ మోటివేషన్" అని, అంటే వెనకున్న ద్వేషం ఎవరి మీదని, అంకె వేసే ఒక గడి ఉంటుంది. ఆసియా వాళ్ళ మీద ద్వేషమైతే 14. హిందువుల మీదైతే 84, సిక్కుల మీదైతే 85. కారణం తెలియకపోతే 99. ద్వేషమేమీ లేదనుకుంటే 88. "కుర్రాళ్ళ పని సార్" అన్న మన మాటతో ఆ గడిలో 88 పడుతుంది. రేపు అదే వీధిలో మరో ఇంటి కిటికీ పగిలితే, మొదటిది దీనికి తోడు రాదు, రెండూ ఒకదాన్నొకటి ఎరగని కేసులుగా మిగులుతాయి. ఆ 84, 85 కూడా ఊరికే రాలేదమ్మా. 2012 ఆగస్టు 5న విస్కాన్సిన్‌లోని ఓక్ క్రీక్ గురుద్వారాలో ఆరుగురిని కాల్చి చంపిన రోజున సిక్కుల మీద ద్వేషాన్ని లెక్కపెట్టడానికి ఆ ఫారంలో గడే లేదు. అడిగి అడిగి సాధిస్తే 2015 నుంచి వచ్చింది. వాళ్ళంత కష్టపడి తెచ్చిన గడిని మనం సిగ్గుపడి ఖాళీగా వదిలేస్తున్నాం.

మాట ఎందుకంత ముఖ్యమో తెలుసా? దెబ్బని గాయం రుజువు చేస్తుంది. ద్వేషాన్ని రుజువు చేసేది చాలాసార్లు వాడు అన్న మాటే. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఓలేత్‌లో మన శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపినవాడు, ముందు అదే బార్లో వాళ్ళని వీసాల గురించి నిలదీశాడు, "నా దేశం నుంచి పొండి" అని అరిచాడు. నలుగురూ విన్నారు, విన్నది విన్నట్టు చెప్పారు. రాష్ట్ర కోర్టులో హత్యకి జీవిత ఖైదు పడ్డాక, ఫెడరల్ కోర్టులో 2009 నాటి హేట్ క్రైమ్ (ద్వేషంతో చేసిన నేరం) చట్టం కింద కూడా నేరం ఒప్పుకున్నాడంటే, ఆ మాటల బలం అందులో ఎంత ఉందో ఆలోచించు.

దానికి ముప్పై ఏళ్ళ ముందు మా న్యూజెర్సీ వైపు జరిగింది వేరు. 1987లో జెర్సీ సిటీలో "డాట్‌బస్టర్స్" అని పేరు పెట్టుకున్నవాళ్ళు, మన బొట్టుని ఎగతాళి చేసే పేరది, ఇండియన్లని ఊళ్ళోంచి వెళ్ళగొట్టడానికి ఎంతకైనా తెగిస్తామని పత్రికకే ఉత్తరం రాశారు. ఆ సెప్టెంబరులో హోబోకెన్‌లో నవ్‌రోజ్ మోదీని కొట్టి చంపారు. పక్కనే ఉన్న తెల్ల స్నేహితుడి మీద చెయ్యి పడలేదు. ఎవరిని వదిలేశారన్నది కూడా సాక్ష్యమే, గుర్తుపెట్టుకో. అయినా కోర్టులో హత్య నిలబడలేదు, దాడి నేరాలతోనే సరిపోయింది. న్యూజెర్సీ ద్వేష నేరాల మీద తన బయాస్ చట్టాన్ని 1990లో తెచ్చుకుంది. నేను నుదుట బొట్టుతో బస్సెక్కేటప్పుడు మీ పెదనాన్న ఏమనేవాడో అది వేరే ఉత్తరం, వదిలెయ్.

కాబట్టి నీ బృందం నేర్చుకోవలసిన పని: మొదటి గంటలో మాటని పట్టుకోవడం. బాధితుడు విన్నది విన్నట్టు, ఇంగ్లీషులోనే, బూతులతో సహా, కోట్‌లలో రాయించు. తెలుగులోకి మార్చొద్దు, మర్యాద పూయొద్దు. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళైతే చెవిన పడ్డ శబ్దం ఎలా ఉంటే అలాగే తెలుగక్షరాల్లో రాయి. సాక్షుల్ని విడివిడిగా కూర్చోబెట్టు; ఒకచోట కూర్చుంటే గంటలో నలుగురి జ్ఞాపకం ఒక్కటై కూర్చుంటుంది, రేపు డిఫెన్స్ లాయరు దాన్నే విప్పుతాడు. "మీ దేశం పొమ్మన్నాడా?" అని నువ్వు అందించొద్దు. "ఏమన్నాడు?" అని అడిగి నోరు మూసుకో. నీకదే కష్టం, నాకు తెలుసు.

రాతలు ఉంటే పోలీసు చూసేదాకా తుడవొద్దు. పిల్లల కంట పడకూడదంటే పాత దుప్పటి కప్పండి, పెయింటుకి తగలకుండా. ఫొటోలు మూడు రకాలు తీయాలి: ఇల్లూ వీధీ కనిపించేలా దూరం నుంచి, తలుపు మొత్తం, తర్వాత పక్కన స్కేలో నాణెమో పెట్టి దగ్గర నుంచి.

కెమెరాల సంగతి ఇంకా తొందర. వాటి వీడియో దాచే డబ్బాలే డీవీఆర్‌లు. డీవీఆర్‌లు డిస్కు నిండగానే పాత రికార్డు మీదే కొత్తది రాసుకుంటూ పోతాయి. కొన్ని షాపుల్లో అది వారంలోపే. అందుకని మొదటి రోజే అడగండి. కాపీ తీసేటప్పుడు డీవీఆర్ గడియారాన్నీ ఫోన్ గడియారాన్నీ పక్కపక్కన పెట్టి తేడా రాసుకోండి, ఆ డబ్బాల్లో టైము సరిగ్గా ఉన్నది అరుదు. ఎవరు, ఎప్పుడు, దేనిలోకి కాపీ చేశారో ఒక చీటీ ఉండాలి. అన్నిటికంటే మించి, వాట్సాప్‌లో వచ్చిన వీడియోని పోలీసులకి ఇవ్వొద్దు. వాట్సాప్ దాన్ని నొక్కేసి పంపుతుంది, కారు నంబరు మసకబారుతుంది, ఎప్పుడు తీసిందన్న గుర్తులు పోతాయి. మొదట తీసిన ఫోన్లోని అసలు ఫైలే కావాలి. గుర్తొచ్చింది: టెక్సస్‌లో మనం పాల్గొంటున్న సంభాషణని ఎదుటివాడి అనుమతి లేకుండా రికార్డు చేసుకోవచ్చు. కాలిఫోర్నియాలో ఆంతరంగిక సంభాషణకి అలా కుదరదు. అక్కడి స్నేహితులకి ఇదే సలహా పంపేసేవు, జాగ్రత్త.

ఆఫీసరుతో "ఇది హేట్ క్రైమ్ అని రాయండి" అని పేచీ పెట్టుకోకు. ఆ పేరు పెట్టడం అతని పని, నీ పని సరుకు అందించడం: అన్న మాట, చేసిన సైగ, వేసుకున్న బట్టలు, ఆ రోజు దీపావళా మామూలు రోజా, ముందు ఏమైనా జరిగిందా, పక్కన ఎవరిని ముట్టుకోలేదు. కేసు నంబరు, ఆఫీసరు పేరు, బ్యాడ్జి నంబరు తీసుకో. రిపోర్టు అప్పటికే పేలవంగా వెళ్ళిపోయి ఉంటే కంగారు పడకు. ఆ కేసు నంబరు మీదే సప్లిమెంట్, అంటే అదనపు రిపోర్టు, రాయించవచ్చు. టెక్సస్ చట్టం మనుషుల మీద దాడికే కాదు, నిప్పు పెట్టడానికీ, ఆస్తి పాడుచేయడానికీ, గోడ రాతలకీ వర్తిస్తుంది. ద్వేషంతోనే ఆ మనిషిని ఎంచుకున్నాడని విచారణలో తేలితే చాలా నేరాలకి శిక్ష ఒక మెట్టు పైకి వెళుతుంది. తేలాలంటే సాక్ష్యం మొదటి రోజు కాగితంలో ఉండాలి.

ఇంకో సంగతి, ఇది నీకు నచ్చదు. ప్రతిదీ హేట్ క్రైమ్ కాదు. రోడ్డు మీద తిట్టి పోయినవాడి మాట ఎంత నీచమైనా, బెదిరింపు లేకపోతే ఈ దేశంలో అది నేరం కాదు. ఫస్ట్ అమెండ్‌మెంట్ అడ్డం వస్తుంది, అది మాట స్వేచ్ఛని కాపాడే రాజ్యాంగ సవరణ. తేదీ, చోటు, మాట మాత్రం నీ పుస్తకంలో రాసుకో, అదే మనిషి మళ్ళీ రావచ్చు. బంగారం ఉంటుందని మన ఇళ్ళలో పడే దొంగలు కూడా అంతే, ఆశ వేరు, ద్వేషం వేరు. తెలియకముందే వాట్సాప్‌లో "మనవాళ్ళ మీద దాడి" అని తోసేశావో, రెండుసార్లు అబద్ధమని తేలాక మూడోది నిజమైనా ఎవరూ నమ్మరు. బృందంలో బయటికి మాట్లాడేది ఒక్కరే. బాధితుడి పేరు, ఇంటి ఫొటో అతని అనుమతి లేకుండా ఎక్కడా రాకూడదు.

"మేం మీరనుకునేవాళ్ళం కాదండీ, మేం ఇండియన్స్" అని మెడలో బోర్డు తగిలించుకునే ఆలోచన ఎవరైనా తెస్తే అక్కడే తుంచెయ్యి. ఓలేత్‌లో కాల్చినవాడు ఇద్దరు ఇరానియన్లని కాల్చానని చెప్పుకున్నాడు. 2001 సెప్టెంబరు 15న అరిజోనాలోని మీసాలో బల్బీర్ సింగ్ సోధీని చంపినవాడు తలపాగా చూశాడు, మతం అడగలేదు. పొరపాటున మనల్ని కొట్టాడు అంటే, సరైనవాళ్ళని కొడితే ఫర్వాలేదనా? మసీదు వాళ్ళ ఫోన్ నంబరూ గురుద్వారా వాళ్ళ నంబరూ నీ దగ్గర ముందే ఉండాలి.

డబ్బూ కాగితాలూ. టెక్సస్ అటార్నీ జనరల్ ఆఫీసులో క్రైమ్ విక్టిమ్స్ కాంపెన్సేషన్ ఉంది; ఆస్పత్రి బిల్లులు, పోయిన జీతం, కౌన్సెలింగు ఇస్తారు, ఇన్సూరెన్స్ ఇవ్వగా మిగిలిందే ఇస్తారు. పగిలిన అద్దానికి మాత్రం రాదు. మూడేళ్ళలోపు దరఖాస్తు, పోలీసు రిపోర్టు తప్పనిసరి. గుడికి కెమెరాలు, గేట్లు కావాలంటే ఫీమా (ఫెడరల్ విపత్తుల సంస్థ) వాళ్ళ నాన్‌ప్రాఫిట్ సెక్యూరిటీ గ్రాంటు రాష్ట్రం ద్వారా అడగాలి. ముందు మనం ఖర్చు పెడితే తర్వాత వాళ్ళు తిరిగిస్తారు, కమిటీకి ఈ ముక్క మొదటే చెప్పు, లేకపోతే గ్రాంటు వచ్చాక కొట్టుకుంటారు. డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్ళ విషయంలో మొదటి వారంలోనే ఇమిగ్రేషన్ లాయరుని కలపాలి. శ్రీనివాస్ పోయాక అతని భార్య ఈ దేశంలో ఉండే హక్కే ప్రశ్నలో పడింది. ఒక కాంగ్రెస్ సభ్యుడు పూనుకోవలసి వచ్చింది.

చివరికి నాకు నిద్ర పట్టనిది. పొద్దున్నే మీ సబ్‌డివిజన్లలో నడకకి వెళ్ళే అమ్మానాన్నలు. చీర, స్వెట్టరు, బూట్లు. చేతిలో ఇండియా సిమ్ ఉన్న ఫోను. ఇంటి నంబరు నోటికి రాదు. వాళ్ళకి హేట్ క్రైమ్ అంటే ఏమిటో క్లాసు చెప్పకు. సర్వీసు లేని ఫోను నుంచైనా సిగ్నల్ ఉన్నచోట 911 కలుస్తుందని చెప్పు. అలాంటి ఫోనుకి వాళ్ళు తిరిగి చేయలేరు, అందుకని లైను పెట్టేయొద్దని చెప్పు. నేర్పవలసినవి రెండే మాటలు: "తెలుగు ఇంటర్‌ప్రిటర్", ఆ తర్వాత మూల మీద బోర్డులో ఉన్న వీధి పేరు. ఒక కార్డు మీద ఇంటి చిరునామా, కొడుకో కూతురో నంబరు ఇంగ్లీషులో రాసి జేబులో పెట్టించు. ఇద్దరిద్దరుగా నడవమను. మీ అమ్మ వచ్చే నెల నీ దగ్గరికి వస్తోందిగా, మొదటి కార్డు దానికే రాయి. ఎలాగూ పర్సులో పడేసి మరిచిపోతుంది, స్వెట్టరు జేబులో పెట్టి పిన్నీసు పెట్టు.

బాధితుల్ని అడగడానికి మీరు రాసుకున్న ప్రశ్నల ఫారం ఉందటగా, అది నాకు పంపు. "ఏమన్నాడు?" అన్నది మొదటి ప్రశ్న కాకపోతే ఎర్ర సిరాతో తిరిగొస్తుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ