పొట్టి బేస్ గిటార్‌కు ఏ స్ట్రింగ్స్?

ప్రశ్న: నా బేస్ గిటార్ స్కేలు (తీగలో మోగే భాగం పొడవు) 30 అంగుళాలు. లావు తీగ వదులుగా ఊగుతోంది, శబ్దం ముద్దగా వస్తోంది. మామూలు బేస్ స్ట్రింగ్స్ కొని, కత్తిరించి వేసుకోవచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: వదులుగా ఉండటం మీ గిటార్ లోపం కాదు. ఒకే రకం తీగను ఒకే శ్రుతికి బిగించినప్పుడు దాని బిగువు పొడవు వర్గాన్ని అనుసరించి మారుతుంది కాబట్టి, 34 అంగుళాల మామూలు బేస్‌తో పోలిస్తే మీ దానిపై అది దాదాపు 22 శాతం తగ్గుతుంది. లావు తీగను 0.100 అంగుళానికి బదులు 0.105 మందంలో తీసుకుంటే కొంత బిగువు తిరిగి వస్తుంది. మరీ లావైతే తీగ బిరుసెక్కి, పై ఫ్రెట్లలో (మెడపై అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) శ్రుతి కుదరడం కష్టమవుతుంది. మీరు వద్దనుకుంటున్న ముద్దతనమే పెరుగుతుంది.

కత్తిరించే ఆలోచన మానండి. చివర సన్నబడే భాగం పోయి, పూర్తి మందం గల భాగాన్ని సన్నని ట్యూనింగ్ పోస్టుకు (తీగను చుట్టి బిగించే మేకు) చుట్టవలసి వస్తే, పై చుట్టు విడిపోయి తీగ మూగబోవచ్చు, తెగిపోవచ్చు కూడా. బ్రిడ్జిలో (గిటార్ ఒంటిపై తీగలను పట్టి ఉంచే భాగం) తీగ చివరి గుండు ఆగే చోటు నుంచి నట్ (మెడ పైకొన వద్ద తీగలు ఆనే గాడుల పట్టీ) వరకు కొలిచి, సన్నబడే భాగం నట్ దాటాకే మొదలయ్యే సెట్టును కొనండి. ప్యాకెట్‌పై ‘షార్ట్ స్కేల్’ అన్న మాటను మాత్రమే నమ్మకండి, బ్రిడ్జి అమరికను బట్టి ఈ కొలత మారుతుంది.

ఇక నాదం సంగతి. బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీ హాఫ్నర్ వయొలిన్ బేస్‌లో వినిపించే గుండ్రని, త్వరగా అణగిపోయే ధ్వని ఫ్లాట్‌వౌండ్ (పై చుట్టు చదునుగా ఉండే) తీగలది. అది ఎంత మధురమైనా మీకు కావలసింది స్పష్టత గనుక, నికెల్ రౌండ్‌వౌండ్ (పై చుట్టు గుండ్రంగా ఉండే) తీగలు వేసి, బ్రిడ్జికి కాస్త దగ్గరగా మీటి చూడండి.