మెషిన్ లెర్నింగ్ వచ్చాక శాంప్లింగ్ చదవాలా?

ప్రశ్న: విశాఖలో ఎంఎస్సీ స్టాటిస్టిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. వ్యాపార సంస్థల సర్వేల్లో శాంపిల్ ఎంపికకు ప్రిడిక్టివ్ మోడలింగ్ (పాత డేటా చూసి ముందే అంచనా వేయడం) వాడటం నా ప్రాజెక్టు. మెషిన్ లెర్నింగ్ వస్తే చాలు, శాంప్లింగ్ థియరీ (మొత్తంలోంచి కొన్నింటినే ఎంచుకుని మొత్తాన్ని అంచనా వేసే పద్ధతి) దండగ అంటున్నారు ఫ్రెండ్స్. నిజమేనా? దీంతో ఉద్యోగావకాశాలు ఉంటాయా?

జవాబు: శాంప్లింగ్ మాత్రం వదలకండి. మీ ప్రాజెక్టు నిలబడేదే దానిమీద.

పరిశ్రమల వార్షిక సర్వే (ఏఎస్ఐ) లాంటిదాన్ని తీసుకోండి. జాబితాలో ఫ్యాక్టరీ పేరుంటుంది, తీరా వెళ్తే గేటుకు తాళం. పాత సర్వే రికార్డులు, కరెంటు వాడకం లాంటివి చూసి ఏ యూనిట్ మూతపడి ఉండొచ్చో ముందే అంచనా వేయడం మోడల్ పని. అంతవరకే. అనుమానం వచ్చినవాటిని జాబితాలోంచి కొట్టేసే అధికారం దానికి ఇవ్వకూడదు.

1000 యూనిట్లలో 200 మూతపడ్డాయేమోనని మోడల్ చెప్పిందనుకుందాం. మీ శాంపిల్ 100. మామూలుగా తీస్తే నడుస్తున్నవనుకున్నవాటిలోంచి 80, మూతపడ్డవనుకున్నవాటిలోంచి 20 వస్తాయి. మోడల్ మాట విని 92, 8 తీయొచ్చు. అప్పుడు మొదటి వర్గంలో ఒక్కో యూనిట్ వెయిట్ (అది ఎన్ని యూనిట్ల తరఫున లెక్కకొస్తుందో ఆ సంఖ్య) సుమారు 8.7, రెండోదాంట్లో 25. మోడల్ పొరబడినా ఆ 8లో నడుస్తున్నవి 25 చొప్పున లెక్కలోకి వస్తాయి కాబట్టి అంచనా ఒకవైపు ఒరగదు. అయితే వాటిలో ఓ భారీ ఫ్యాక్టరీ పడితే ఒక్కటే 25 ఫ్యాక్టరీల కింద లెక్కకొచ్చి మొత్తం తారుమారవుతుంది. అందుకే పెద్ద యూనిట్లను శాంపిల్‌కు వదలకుండా అన్నింటినీ సర్వే చేస్తారు.

గుంటూరు, ఆదిలాబాద్ వైపు జిన్నింగ్ మిల్లులు పత్తి చేతికొచ్చాకే నడుస్తాయి. జూన్, జులై కరెంటు బిల్లులు మాత్రమే ఇస్తే మోడల్ వాటిని మూతపడ్డవాటిలో కలిపేస్తుంది. పన్నెండు నెలల వాడకం ఇవ్వాలని తెలిసేది మనిషికే. అలాగే, త్వరగా జవాబిచ్చే సంస్థలనే మోడల్‌తో ఏరుకోవడం మరీ ప్రమాదం. అకౌంట్స్ పద్ధతిగా రాసుకునేవాళ్లే మిగులుతారు, చిన్నవాళ్లు కనబడకుండా పోతారు.

ఉద్యోగాల విషయానికొస్తే, ఈ పేరుతో ప్రత్యేకంగా పోస్టులేమీ ఉండవు. కానీ యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షలో స్టాటిస్టిక్స్ మూడో పేపర్‌లో శాంప్లింగ్ ఉంది. పరిశ్రమలపై మూడు నెలలకోసారి సర్వే చేసే రిజర్వ్ బ్యాంకు, స్టాటిస్టిక్స్ విభాగానికి గ్రేడ్-బి అధికారులను విడిగా తీసుకుంటుంది. రెండు రాష్ట్రాల అర్థగణాంక శాఖలు, మార్కెట్ రీసెర్చ్ సంస్థలు కూడా ఉన్నాయి. మోడల్ కోడ్ రాయగలిగేవాళ్లు చాలామందే దొరుకుతారు. వెయిట్ ఎందుకు మారిందో వివరించగలిగేవాళ్లు తక్కువ. మీరు ఆ రెండోవైపు ఉండాలని నా కోరిక.

ఏఎస్ఐ యూనిట్ స్థాయి డేటాను కేంద్ర గణాంక శాఖ ఉచితంగానే ఇస్తుంది, దాంతో మొదలుపెట్టండి. రిపోర్టులో మోడల్ ఎంత కరెక్టుగా చెప్పిందో చూపించి ఆపేయకండి. ఒకే సైజుతో మామూలు స్ట్రాటిఫైడ్ శాంపిల్ (యూనిట్లను వర్గాలుగా విడగొట్టి తీసేది), మోడల్ సాయంతో తీసిన శాంపిల్ కొన్ని వందలసార్లు తీసి, స్టాండర్డ్ ఎర్రర్లను (శాంపిల్ మారితే అంచనా ఎంత అటూఇటూ అవుతుందో చెప్పే కొలత) ఒకే టేబుల్‌లో పక్కపక్కన పెట్టండి. మోడల్ వల్ల లాభం రాని పరిశ్రమలుంటే వాటినీ అందులోనే ఉంచండి.