నాన్నగారి కాలి పుండుకు ట్రయల్‌లో చేరమంటున్నారు, సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్ళు, షుగర్ ఉంది. అరికాలి పుండు మూడు నెలలుగా మానడం లేదు. గుంటూరు కొత్తపేటలో చూపిస్తున్నాం. కొత్త జెల్‌నీ మామూలు డ్రెస్సింగ్‌నీ పోల్చి చూసే ట్రయల్ జరుగుతోందని, చేరతారా అని అడిగారు. ఇరవై పేజీల కాగితం ఇచ్చారు. సత్తెనపల్లిలో మా వాళ్ళు పిడుగురాళ్ల ఆడవాళ్ళ సంగతి ఎత్తి వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: గుంటూరు, విజయవాడ ఆసుపత్రుల్లో ట్రయల్ కోఆర్డినేటర్‌గా చేసిన అనుభవంతో చెబుతున్నాను. ఆ కాగితంలో జెల్ గొప్పదనం తర్వాత చదవచ్చు. ముందు జెల్ రానివాళ్ళకు ఏం చేస్తారని రాశారో వెతకండి.

ఎందుకంటే నాన్నగారు ఏ గుంపులో పడతారన్నది డాక్టరుగారి చేతిలో ఉండదు. కంప్యూటర్ ముందే తీసిపెట్టిన వరసను బట్టి పేరు పడుతుంది. సగం మందికి జెల్, సగం మందికి మామూలు వైద్యం ఇవ్వవచ్చు. కొన్నిటిలో ఇద్దరికి జెల్ ఇస్తే ఒకరికి ఇవ్వరు. మందు లేని ఉత్త జెల్ కూడా అదే ట్యూబులో, అదే రంగులో రావచ్చు. అలాంటప్పుడు ఎవరికి ఏది పడిందో డాక్టరుకూ తెలియదు. పేరు పడ్డాక మార్చమంటే కుదరదు, పరిచయాలు పనిచేయవు. డాక్టరుగారు మంచి మందు చూసి మా నాన్నకే ఇస్తారని నమ్మి చేరేవాళ్ళు చాలామంది, మధ్యలో మానేసేదీ ఎక్కువగా వాళ్ళే.

షుగర్ పుండుకు మామూలు వైద్యం అంటే గాజుగుడ్డ, అయోడిన్ కాదు. చచ్చిన చర్మాన్నీ గట్టిపడిన అంచునూ ఎప్పటికప్పుడు కోసి తీయాలి. ఇన్ఫెక్షన్ ఉంటే దానికి మందు ఇవ్వాలి. కాలికి రక్తం సరిగా అందుతోందా అని డాప్లర్‌తోనో, చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చో చూడాలి. అన్నిటికంటే ముఖ్యం పుండు మీద బరువు పడకుండా చేయడం. దానికి ప్లాస్టర్ కట్టో, ప్రత్యేకమైన బూటో కావాలి. ఇదొక్కటి వదిలేస్తే ఎంత ఖరీదైన జెల్ పూసినా అరికాలి పుండు మానదు. ఇవన్నీ రెండు గుంపులకూ సమానంగా చేస్తామని రాసి ఉంటే, జెల్ పడకపోయినా నాన్నగారికి నష్టం లేదు. వారం వారం పుండు కొలిచి ఫోటో తీసి చూసే శ్రద్ధ బయట అందరికీ దొరకదు కూడా. బూటు సంగతి కాగితంలో లేకపోతే మాత్రం అడగండి, జవాబు తేలేదాకా సంతకం వద్దు.

సంతకం పెట్టగానే చేరిపోయినట్టు కాదు. షుగర్ మూడు నెలల సగటు, కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్, ఎముకకు ఇన్ఫెక్షన్ పాకిందేమో చూసే ఎక్స్‌రే, పుండు కొలత అన్నీ అయ్యాక అర్హత తేలుస్తారు. ఇలాంటి ట్రయల్స్‌లో ముందు ఒకటి రెండు వారాలు మామూలు వైద్యమే చేసి చూడటం పరిపాటి. ఆ గడువులోనే పుండు బాగా తగ్గిపోతే ట్రయల్‌లోకి తీసుకోరు. వద్దన్నారని బాధపడకండి, పుండు దారిలో పడిందన్నమాట.

పిడుగురాళ్ల భయం సహజమే. 2011లో వార్తల్లోకి వచ్చింది డబ్బు ఆశ చూపి పేద ఆడవాళ్ళను హైదరాబాద్ తీసుకెళ్ళి మందులు పరీక్షించారన్న ఆరోపణ. ఆ తరహా పరీక్షలో మందు రక్తంలోకి ఎంత చేరిందో కొలుస్తారు, మనిషికి వైద్యం చేయరు. మీకు చెప్పింది రోగులమీద వైద్యాలను పోల్చే ట్రయల్. అయినా అడగాల్సినవి అడగాల్సిందే. 2019లో వచ్చిన ‘కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు’ మీకు చాలా హక్కులిచ్చాయి.

సమాచార పత్రం తెలుగులో ఇవ్వాలి. ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటామంటే కాదనకూడదు. నాన్నగారు స్పృహలో ఉండి, విషయం అర్థం చేసుకోగలిగితే సంతకం ఆయనదే, మీరు పెట్టడం చెల్లదు. చదువు రాకపోతే ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి మొదటినుంచి చివరిదాకా పక్కనే కూర్చోవాలి. చివర్లో పిలిచి సంతకం పెట్టించుకుంటే అది సాక్ష్యం కాదు. నామినీ పేరు, నాన్నగారి వృత్తి, ఏడాది ఆదాయం రాసే చోట్లు ఖాళీగా వదలకండి. నష్టపరిహారం మాట వచ్చినప్పుడు అవసరమయ్యేది ఆ కాగితమే. సంతకాలయ్యాక ఒక ప్రతి మీకివ్వాలి, ఇవ్వకపోతే అక్కడే అడిగి తీసుకోండి.

ట్రయల్ నిజమైనదా అన్నది మీరే చూసుకోవచ్చు. సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీ 2007 నుంచి ఉంది. 2009 జూన్ నుంచి ట్రయల్స్‌ను అందులో నమోదు చేయడం తప్పనిసరి, అదీ మొదటి రోగిని చేర్చుకోకముందే. కాగితం మీద సీటీఆర్ఐ అక్షరాలు, ఏడాది, నెల, ఆరంకెల సంఖ్య ఉంటాయి. దాన్ని వెబ్‌సైట్‌లో కొట్టి, మీ ఆసుపత్రి పేరు ట్రయల్ జరిగే చోట్ల జాబితాలో ఉందా, అక్కడికి ఎథిక్స్ కమిటీ (రోగుల క్షేమం, హక్కులు చూసే కమిటీ) అనుమతి వచ్చినట్టు రాసి ఉందా చూడండి. దేన్ని దేంతో పోలుస్తున్నారో కూడా అక్కడే ఉంటుంది. అది మీ చేతిలోని కాగితంతో కలవాలి.

ఇంకొకటి, ఇది కంపెనీ కొత్త మందా, లేక ఇప్పటికే వాడుకలో ఉన్న వైద్యాలను పోలుస్తూ డాక్టర్లు సొంతంగా చేసే అధ్యయనమా అని అడగండి. కొత్త మందైతే కేంద్రంలో మందులకు అనుమతులిచ్చే డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ అనుమతి ఉండాలి. దానివల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం నియమాల్లోనే ఉన్నాయి. ప్రాణం పోతే పరిహారానికి లెక్క 8 లక్షల రూపాయలతో మొదలై వయసునూ, జబ్బు తీవ్రతనూ బట్టి మారుతుంది. రెండో రకంలో ఎథిక్స్ కమిటీ అనుమతి, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు వర్తిస్తాయి. అందులో హాని జరిగితే ఖర్చెవరిదో కాగితంలో స్పష్టంగా ఉండాలి. ట్రయల్ కోసమే అదనంగా చేసే టెస్టులకు మీ దగ్గర పైసా తీసుకోకూడదు. సత్తెనపల్లి నుంచి రానూపోనూ ఛార్జీలు ఇస్తారా, తోడు వచ్చేవాళ్ళకు కూడానా అన్నది ముందే తేల్చుకోండి. ట్రయల్ 12 వారాలైతే పన్నెండు సార్లకు తగ్గకుండా రావాలి. బూటు వేసుకున్న మనిషిని బస్సెక్కించడం కష్టం, ఆటో ఖర్చు లెక్కేసుకోండి.

చేరాక తేడా వచ్చేది ఎక్కువగా ఇంటి దగ్గరే. కట్టు తడిసిందని ఊళ్ళో ఆర్ఎంపీ చేత విప్పించి మందు మార్పించడం, ఆయన ఇచ్చిన యాంటీబయాటిక్ సంగతి మాకు చెప్పకపోవడం, పసుపో తైలమో రాయడం. తిడతారేమోనని దాచిపెడతారు. దాస్తే పుండు దేనివల్ల మానిందో, దేనివల్ల ముదిరిందో ఎవరికీ తెలియకుండా పోతుంది. జెల్ ఫ్రిజ్‌లో పెట్టాల్సినదైతే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గుంటూరు మే ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టి తీసుకెళ్ళిన ట్యూబు పనికిరాదు, ఐస్ ప్యాక్ ఉన్న డబ్బా అడగండి. వాడేసిన ఖాళీ ట్యూబులు పారేయకండి, లెక్కకు తిరిగివ్వాలి.

నచ్చకపోతే ఏ రోజైనా మానేయవచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మానేశారని ఆసుపత్రివాళ్ళు మామూలు వైద్యం ఆపకూడదు. మానేటప్పుడు ఒక్కసారి వచ్చి పుండు చూపించి వెళ్ళండి, అది నాన్నగారి మంచికే.

జ్వరం వచ్చినా, పడిపోయినా, ఏ కారణంతోనైనా వేరే ఆసుపత్రిలో చేర్చినా అదే రోజు ట్రయల్ డాక్టరుకు ఫోన్ చేయండి. పుండుకు సంబంధం లేదనుకున్నా సరే. ఆసుపత్రిలో చేర్చేంత తీవ్రమైన సంగతైతే డాక్టరు 24 గంటల్లో ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి. ఆ డాక్టరు నంబరున్న కార్డు ఒకటి నాన్నగారి చొక్కా జేబులో, ఇంకొకటి ఇంట్లో మందుల డబ్బా మూతకు అతికించి ఉంచండి.