కంప్యూటర్ సందేహాలు: పాత సిస్టం పొద్దున్నే ఎందుకు మొరాయిస్తుంది?

ఈ సంచికకు తీసుకున్న ఉత్తరాలన్నీ పాత డెస్క్‌టాప్‌ల గురించే. అందరి ఫిర్యాదూ దాదాపు ఒకటే, 'ఆన్ కావడం లేదు' అని. రోగాలు మాత్రం వేరువేరు. బటన్ నొక్కిన మొదటి రెండు సెకన్లలో ఏం జరిగిందో గమనించి రాస్తే సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. అసలేమీ కదలకపోవడం వేరు, ఫ్యాన్ కదిలి ఆగిపోవడం వేరు, ఫ్యాన్ తిరుగుతున్నా తెర నల్లగా ఉండటం వేరు.

ప్రశ్న: హన్మకొండలో మాకు డీటీపీ షాపు ఉంది. సిస్టం పదిహేనేళ్ల నాటిది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పెళ్లి పత్రికల పాత ఫైళ్లు అన్నీ అందులోనే ఉన్నాయి. చలి మొదలైనప్పటి నుంచి పొద్దున షాపు తెరిచి బటన్ నొక్కితే చప్పుడే ఉండదు. పది పదిహేనుసార్లు నొక్కాక ఎప్పటికో వస్తుంది. వచ్చిందంటే రాత్రిదాకా ఇబ్బంది లేదు, మధ్యాహ్నం ఆపినా వెంటనే ఆన్ అవుతుంది. మెకానిక్ మదర్‌బోర్డు పోయిందంటున్నాడు. మార్చమంటారా?

జవాబు: తొందరపడకండి. చల్లగా ఉన్నప్పుడు మొరాయించి, వేడెక్కాక మామూలుగా నడిచే సిస్టంలో మొదట అనుమానించాల్సింది ఎస్‌ఎంపీఎస్‌ను, అంటే గోడ కరెంటును సిస్టంకు కావాల్సిన తక్కువ వోల్టుల డీసీగా మార్చి ఇచ్చే పెట్టెను. అందులోని కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిల్వ ఉంచి నిలకడగా ఇచ్చే చిన్న డబ్బాల్లాంటి భాగాలు) ఎండిపోయి ఉంటాయి. బోర్డు సంగతి తర్వాత.

అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. రేపు ఆన్ కాగానే గిరాకీ మొదలుపెట్టకుండా ఫైళ్లు, ఫాంట్లు బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. వీలైతే డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా, అంటే విండోస్, ప్రోగ్రాములతో సహా ఉన్నదున్నట్టు నకలుగా తీయించండి. పాత పేజ్‌మేకర్‌ను కొత్త విండోస్‌లో మళ్లీ ఎక్కించి, ఫాంట్లు కుదిరేలా చేయడం ఫైళ్లు కాపీ చేసినంత తేలిక కాదు.

ఇక కారణం. గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ, సిస్టం ఆపి ఉన్నా సరే, ఎస్‌ఎంపీఎస్‌లో ఒక చిన్న భాగం పనిచేస్తూనే ఉంటుంది. అది మదర్‌బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఇస్తుంది. మీరు బటన్ నొక్కిన సంగతి గుర్తించే సర్క్యూట్ నడిచేది ఆ 5 వోల్టులతోనే. ఆ సర్క్యూట్ ఆకుపచ్చ వైరును గ్రౌండ్‌కు దించితేనే మిగతా ఎస్‌ఎంపీఎస్ లేస్తుంది. రోజంతా విశ్రాంతి లేకుండా ఉండేది స్టాండ్‌బై భాగమే కాబట్టి అక్కడి చిన్న కెపాసిటర్లు తరచూ ముందుగా ఎండుతాయి. ఎండిన కెపాసిటర్‌లో లోపలి నిరోధం పెరుగుతుంది, చలికి ఇంకా పెరుగుతుంది. కరెంటులో కొంతసేపు ఉంటే కాస్త వేడెక్కి పని కానిస్తుంది. అంటే మీ సిస్టం వస్తున్నది పదిహేనుసార్లు నొక్కినందుకు కాదు, ఆలోగా పది నిమిషాలు గడిచినందుకు.

దీన్ని పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. పొద్దున గోడ స్విచ్ మాత్రం వేసి, బటన్ ముట్టుకోకుండా ఇరవై నిమిషాలు ఆగండి. అప్పుడు మొదటి నొక్కుకే వస్తే అనుమానం బలపడినట్టే. అలాగని రాత్రంతా స్విచ్ వేసి షాపు మూసుకుని వెళ్లకండి. ముసలి ఎస్‌ఎంపీఎస్‌ను మనిషి లేనిచోట కరెంటులో వదలడం మంచిది కాదు.

తర్వాత మల్టీమీటర్. డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి, 24 పిన్నుల కనెక్టర్ బోర్డుకు తగిలించి ఉండగానే వెనకవైపు నుంచి నల్ల ప్రోబ్ ఏదైనా నల్ల వైరుకు, ఎర్ర ప్రోబ్ ఊదా వైరుకు ఆనించండి. సిస్టం ఆపి, గోడ స్విచ్ వేసి ఉన్నప్పుడు 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య రావాలి. ఈ కొలత పొద్దున, చల్లగా ఉన్నప్పుడే తీయాలి. మధ్యాహ్నం తీస్తే అంతా బాగున్నట్టే చూపిస్తుంది. మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లేసరికి సిస్టం చక్కగా ఆన్ కావడం, ఆయన బోర్డును అనుమానించడం కూడా ఇందుకే జరుగుతుంటుంది.

ఊదా వైరు బాగుంటే ఎర్ర ప్రోబ్ ఆకుపచ్చ వైరుకు మార్చండి. ఆపి ఉన్నప్పుడు 5 వోల్టులకు దగ్గరగా ఉండి, బటన్ నొక్కగానే సున్నా దగ్గరికి పడిపోవాలి. పడినా పసుపు వైరులో 12 వోల్టులు రాలేదంటే ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే లెక్క. అసలు పడలేదంటే తప్పు బటన్‌దైనా కావాలి, బోర్డుదైనా కావాలి. బటన్‌ను తేల్చడం సులువు: బోర్డు మూలన పవర్ స్విచ్ రెండు పిన్నుల వైరు తీసేసి, రీసెట్ స్విచ్ వైరును అక్కడ గుచ్చి, రీసెట్ నొక్కి చూడండి. ఏళ్ల తరబడి నొక్కిన బటన్ అరిగిపోవడం కొత్తేమీ కాదు. దీనికోసం బోర్డులు మార్చినవాళ్లూ ఉన్నారు.

షాపులో యూపీఎస్ ఉంటే పక్కన పెట్టి, సిస్టంను నేరుగా గోడ సాకెట్‌కు తగిలించి కూడా ఒకసారి చూడండి. బ్యాటరీ చచ్చిన యూపీఎస్‌లు కొన్ని ఇలాంటి నాటకమే ఆడతాయి. చివరి తీర్పు మాత్రం వేరే మంచి ఎస్‌ఎంపీఎస్ అడిగి తెచ్చి, చలి పొద్దున తగిలించి చూడటమే. దాంతోనూ మొరాయిస్తే అప్పుడు బోర్డు మీద కెపాసిటర్లు చూడాలి. ఆ వివరం చివరి ఉత్తరంలో ఉంది.

ప్రశ్న: జమ్మికుంటలో జిన్నింగ్ మిల్లు. వే బ్రిడ్జి సిస్టం బటన్ నొక్కితే ఫ్యాన్ సగం చుట్టు తిరిగి ఆగిపోతుంది. కాంటా వైరు తగిలే తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉన్నందుకే దీన్ని ఇంకా వాడుతున్నాం.

జవాబు: మీ ఎస్‌ఎంపీఎస్ బతికే ఉంది. ఎక్కడో షార్ట్ తగిలి తనను తాను ఆపేసుకుంటోంది. వరసగా నొక్కకండి. చాలా ఎస్‌ఎంపీఎస్‌లు ఇలా ఆగాక ప్లగ్గు తీసి అర నిమిషం ఉంచితే తప్ప మళ్లీ లేవవు.

మొదట బయట తగిలించినవన్నీ పీకేయండి: ప్రింటర్, పెన్‌డ్రైవ్, కీబోర్డు, కాంటా వైరు. ముందువైపు యూఎస్‌బీ పోర్టుల్లోకి టార్చి వేసి చూడండి. లోపలి నాలుక విరిగి పిన్నులు ఒకదానికొకటి తగులుతుంటే సిస్టం లేవకుండా చేయడానికి అదొక్కటి చాలు. ఆ పోర్టుల వైరును బోర్డు మీద నుంచి తీసేస్తే తేలిపోతుంది.

తర్వాత మూత తీసి సీడీ డ్రైవ్, హార్డ్ డిస్క్, అదనపు కార్డులు, ర్యామ్ ఒక్కొక్కటే తప్పిస్తూ నొక్కి చూడండి. ప్రతిసారీ ముందు ప్లగ్గు తీయాలి. ఏది తీశాక ఫ్యాన్ ఆగకుండా తిరిగిందో దొంగ అదే. అన్నీ తీసినా ఆగిపోతుంటే ప్రాసెసర్ పక్కన రెండు పసుపు, రెండు నల్ల వైర్లతో ఉండే నాలుగు పిన్నుల కనెక్టర్ తీసి చూడండి. అది లేనప్పుడు ఫ్యాన్ తిరుగుతూ ఉందంటే ప్రాసెసర్ చుట్టూ ఉండి దానికి కరెంటు అందించే మాస్‌ఫెట్లలో (స్విచ్చుల్లా పనిచేసే చిన్న భాగాలు) ఒకటి షార్ట్ అయి ఉంటుంది. కరెంటు తీసేసి, బోర్డు మీద ఆ నాలుగు పిన్నుల సాకెట్‌లో పసుపు, నల్ల వైర్లు కూర్చునే పిన్నుల మధ్య మల్టీమీటర్ బీప్ ఆగకుండా మోగితే ఇక సందేహం లేదు. అది చిప్ లెవెల్ రిపేరు చేసేవాళ్ల పని.

బోర్డు వెనక జారిపడిన స్క్రూ ఉందేమో కూడా వెతకండి. గోదాముల్లో ఉండే కేబినెట్లలో బల్లి దూరి పిన్నుల మీద చావడం కూడా అరుదేమీ కాదు. మిల్లులో దూది నెలకే పేరుకుంటుంది కాబట్టి ఆరుబయట బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్క వేలితో పట్టుకోవాలి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది.

సీరియల్ పోర్టు గురించి దిగులు వద్దు. కొత్త సిస్టంలోనూ సీరియల్ కార్డు వేసుకోవచ్చు. కాంటా సాఫ్ట్‌వేర్ కామ్ 1 కోసమే చూస్తుంటే డివైస్ మేనేజర్‌లో పోర్టు నంబరు మార్చుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: ఫ్యాన్ తిరుగుతుంది, లైట్ వెలుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. ఆగి ఆగి పొడుగాటి బీప్ వస్తోంది. (నర్సంపేట)

జవాబు: చాలా బోర్డుల్లో ఈ బీప్ ర్యామ్ దొరకలేదనడానికి గుర్తు. ప్లగ్గు తీసి, బటన్ పది సెకన్లు నొక్కిపట్టి లోపల మిగిలిన కరెంటు పోనివ్వండి. ర్యామ్ తీసి బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, ఒకే ర్యామ్ పెట్టి చూడండి, రాకపోతే స్లాటు మార్చండి. తేదీ కూడా వెనక్కి పోతుంటే బోర్డు మీది సీఆర్ 2032 సెల్ మార్చేయండి. కొత్తది 3 వోల్టులు చూపిస్తుంది, 2.7 దాకా దిగినదాన్ని నమ్మవద్దు.

ప్రశ్న: గోదావరిఖనిలో క్వార్టర్‌లో ఉంటాం. కేబినెట్ ముట్టుకుంటే చేయి జిల్లుమంటుంది. ఎస్‌ఎంపీఎస్ మార్చినా అంతే.

జవాబు: తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది కాకపోవచ్చు, మీ సాకెట్‌లో ఎర్త్ ఉండకపోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ లోపలికి కరెంటు వచ్చే చోట ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు కేబినెట్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే కేబినెట్ మీద 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా నిలుస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. కానీ లోపల నిజంగా ఫేజ్ వైరు కేబినెట్‌కు తగిలిన రోజున కాపాడేది ఏదీ ఉండదు.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్‌లో ఫేజ్ నుంచి న్యూట్రల్‌కు, ఫేజ్ నుంచి ఎర్త్‌కు కొలిపించండి. రెండూ ఇంచుమించు సమానంగా రావాలి. న్యూట్రల్, ఎర్త్‌ల మధ్య రెండు మూడు వోల్టులకు మించకుండా ఉంటే మంచిది. మూడో పిన్ను లేని అడాప్టర్ వాడుతుంటే ముందు దాన్ని పారేయండి. సాకెట్‌లోనే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపి 'సరిచేసే' వాళ్లున్నారు. న్యూట్రల్ తెగిన క్షణంలో కేబినెట్ మొత్తం ఫేజ్ అవుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఎర్త్ గుంతకు ఎండాకాలంలో నీళ్లు పోయడం మరవకండి.

ప్రశ్న: పరకాల దగ్గరి పల్లె మాది. సాయంత్రం లైట్లు మసకబారినప్పుడు సిస్టం ఆన్ కాదు. వెనక ఎర్ర స్విచ్ 115కు మారిస్తే లో వోల్టేజీలో నడుస్తుందని ఒకాయన చెప్పాడు. లేదంటే 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ కొనమన్నాడు.

జవాబు: ఆ ఎర్ర స్విచ్‌ను ముట్టుకోవద్దు. 115లో పెట్టి 230 వోల్టులు ఇస్తే లోపలి పెద్ద కెపాసిటర్ల మీద అవి తట్టుకోలేనంత వోల్టేజీ పడుతుంది. ఢామ్మని పేలి పొగ వస్తుంది. మీ దగ్గర సాయంత్రం 170 ఉండి రాత్రికి 230కి పెరిగినా జరిగేది అదే.

వాట్లు పెంచడమూ మందు కాదు. మామూలు ఆఫీసు పనికి పాత డెస్క్‌టాప్ 100 వాట్లకు అటూ ఇటూ తీసుకుంటుంది. చూడాల్సింది లేబుల్ మీద ఇన్‌పుట్ వోల్టేజీ. 100–240 అని ఉన్నది లో వోల్టేజీని సులువుగా మోస్తుంది. 200–240 అని మాత్రమే ఉన్నది 180 కిందికి దిగితే కష్టపడుతుంది. అలాగే 12 వోల్టుల పక్కన ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. డబ్బా మీద 450 అని అచ్చు వేసి 12 వోల్టుల వద్ద 14 ఆంపియర్లే రాసి ఉంటే, సిస్టంకు అసలు పనికొచ్చేది 168 వాట్లే. తూకం వేసినా కొంత తెలుస్తుంది, చేతిలో తేలిగ్గా ఉన్నదాంట్లో హీట్ సింకులూ (వేడిని లాగే లోహపు దిమ్మెలు) కాయిల్సూ పొదుపు చేసి ఉంటారు.

కొనేముందు బోర్డు కనెక్టర్ లెక్కపెట్టండి. కంపెనీ సిస్టంలు కొన్నింటిలో 24 పిన్నులకు బదులు 6, 8 లేదా 14 ఉంటాయి. వాటికి బజారు ఎస్‌ఎంపీఎస్ నేరుగా తగలదు, వైర్ల రంగులూ పైన చెప్పినట్టు ఉండకపోవచ్చు.

ప్రశ్న: కాజీపేటలో డిప్లొమా చదువుతున్నాను. సోల్డరింగ్ వచ్చు. బోర్డు మీద మూడు కెపాసిటర్ల తలలు ఉబ్బాయి. నేనే మార్చవచ్చా? ఎస్‌ఎంపీఎస్ కూడా విప్పాలనుకుంటున్నాను.

జవాబు: బోర్డు వరకు ధైర్యంగా చేయండి. ఎస్‌ఎంపీఎస్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. దాని పెద్ద కెపాసిటర్లలో 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు నిలిచి ఉండొచ్చు. అనుభవం ఉన్న మనిషి పక్కన ఉన్నప్పుడు నేర్చుకోవాల్సిన పని అది.

బోర్డు కెపాసిటర్లకు మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి. వోల్టేజీ అంతే ఉండొచ్చు లేదా ఒక మెట్టు ఎక్కువ ఉండొచ్చు, అంటే 6.3 బదులు 10 సరే, తక్కువ మాత్రం కూడదు. 105 డిగ్రీల, తక్కువ ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం) రకమే అడగండి. ఎలక్ట్రానిక్స్ షాపులో మామూలుగా ఇచ్చే 85 డిగ్రీల రకం ప్రాసెసర్ పక్కన ఎక్కువ కాలం నిలవదు. వ్యాసం కూడా కొలుచుకుని వెళ్లండి, లావుగా ఉంటే హీట్ సింక్ కూర్చోదు. ఉబ్బింది మూడే అయినా ఆ వరసలోని అదే రకం అన్నీ మార్చండి.

25 వాట్ల ఐరన్‌తో ఈ పని కాదు. బోర్డులోని రాగి పొరలు వేడిని లాగేస్తాయి, గ్రౌండ్ కాలి దగ్గర సీసం కరగదు. అప్పుడు బలంగా లాగితే రంధ్రం లోపలి రాగి పూత ఊడి వస్తుంది, బోర్డు అక్కడితో సరి. 60 వాట్ల ఐరన్ తీసుకుని, ముందు ఫ్లక్స్ (సీసం బాగా కరిగి పట్టేలా చేసే పేస్టు), కొత్త సీసం కొంచెం కలిపి కరిగించండి. ఒక కాలు కాస్త, ఇంకో కాలు కాస్త కదుపుతూ తీయండి. రంధ్రంలో మిగిలిన సీసాన్ని పంపుతో లాగేయండి.

తీయకముందే ఫోటో తీసుకోండి. కెపాసిటర్ మీద చార ఉన్నవైపు నెగటివ్. బోర్డు మీద రంగు వేసిన అర్ధచంద్రం మాత్రం అన్ని కంపెనీలకూ ఒకే అర్థం కాదు, కొందరు నెగటివ్‌కు వేస్తారు, కొందరు పాజిటివ్‌కు. తిరగేసి పెడితే ఆన్ చేసిన కాసేపట్లోనే పేలుతుంది, అందుకని మొదటిసారి ఆన్ చేసేటప్పుడు బోర్డు మీదికి వంగి చూడకండి.